నీళ్లు తగ్గింది బోరులోనా, మోటారులోనా?

ఇంటి బోరు ధార సన్నబడగానే చాలామంది నోట వచ్చే మాట ఒకటే, భూగర్భజలం పడిపోయిందని. ఆ వెనకే వచ్చే సలహాలూ తెలిసినవే. మోటారు ఇంకో రెండు పైపు లెంతులు దించండి, ఇంకాస్త పెద్ద మోటారు వేయండి, కుదరకపోతే మరో బోరు వేసేయండి. మూడూ ఖర్చుతో కూడిన పనులే. కారణం తెలియకుండా చేసినప్పుడు వీటిలో ఏదైనా పనిచేసిందంటే అది చాలావరకు అదృష్టమే.

నిజానికి లోపం మూడు చోట్లలో ఎక్కడైనా ఉండొచ్చు. నేలలోనే నీరు తగ్గి ఉండొచ్చు. నేలలో నీరున్నా బోరు గుంతలోకి వచ్చే దారులు పూడుకుపోయి ఉండొచ్చు. గుంతలో కావలసినంత నీరున్నా దాన్ని పైకి తెచ్చే పంపో, పైపో, కరెంటో సరిగా లేకపోవచ్చు. కుళాయి దగ్గర నిలబడి చూస్తే ఈ మూడింటికీ తేడా తెలియదు. బోరు మూత తీసి నీటి మట్టం కొలిస్తే మాత్రం ఏది ఏదో బయటపడుతుంది. విచిత్రం ఏమిటంటే, వేలకు వేలు పోసే ముందు ఈ కొలత తీసుకునేవాళ్లు చాలా తక్కువ.

ముందు బకెట్, గడియారం

బోరు జోలికి పోకముందు పైన చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పాత గేట్ వాల్వులో లోపలి పలక ఊడిపోయి సగం దారికి అడ్డం పడి ఉంటుంది, పైన చక్రం మాత్రం మామూలుగానే తిరుగుతుంది. ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు. మట్టిలో పూడ్చిన పైపు ఎక్కడో కారుతూ ఉండొచ్చు. ట్యాంకు తొందరగా ఖాళీ అవుతోందంటే ఇంట్లో వాడకం పెరిగిందేమో కూడా చూడాలి. అందుకే నీటి కొలత ట్యాంకు దగ్గర కాకుండా బోరు నోటి దగ్గర, ఫిల్టరుకు ముందే తీసుకోవాలి.

డెలివరీ పైపు విప్పి 20 లీటర్ల బకెట్ కింద పెట్టి సెకన్లు లెక్కపెడితే చాలు. 30 సెకన్లలో నిండితే నిమిషానికి 40 లీటర్లు, 48 సెకన్లు పడితే 25 లీటర్లు. ఈ లెక్క ఒక్కసారి తీసి వదిలేయకూడదు. మోటారు వేసిన వెంటనే ఒకసారి, పావుగంటకు ఒకసారి, గంట తర్వాత ఇంకోసారి తీయాలి. మొదటి నిమిషం నుంచే ధార సన్నగా ఉండి గంటసేపూ అలాగే నిలకడగా వస్తోందంటే అనుమానం పంపు మీదికి, పైపు మీదికి వెళ్లాలి. మొదట బాగా వచ్చి, రానురాను తగ్గి, చివరికి గాలితో కలిసి తుంపర్లుగా వస్తోందంటే గుంతలోకి వచ్చే నీరే చాలడం లేదని అర్థం.

ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టించేది గుంతలో నిలవ ఉన్న నీరు. ఆరున్నర అంగుళాల బోరు, అంటే సుమారు 165 మిల్లీమీటర్ల గుంత, ఒక్కో మీటరు లోతుకు 21 లీటర్ల నీటిని పట్టుకుంటుంది. మోటారుకు పైన 50 మీటర్ల నీరు నిలిచి ఉంటే అదే వెయ్యి లీటర్లు దాటుతుంది. రాత్రంతా ఊరిన ఆ నీటితో పొద్దున్నే ట్యాంకు నిండిపోతుంది, బోరు బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. ఊట నిమిషానికి ఐదు లీటర్లే ఉన్నా ఆ సంగతి తెలియదు. రెండో ట్యాంకు నింపబోయినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఇంట్లో మనుషులు పెరిగిన ఏడాదో, కొత్తగా మొక్కలు పెంచిన ఏడాదో "బోరు తగ్గిపోయింది" అనిపించడానికి కారణం కొన్నిసార్లు ఇంతే. బోరు మొదటినుంచీ అంతే ఇస్తోంది, అడగడం ఎక్కువైంది.

మట్టం ఎక్కడుందో తెలియాలి

కావలసినవి రెండు కొలతలు. మోటారు చాలా గంటలు ఆగి ఉన్నప్పుడు నీరు ఎంత లోతులో నిలకడగా ఉంది అన్నది మొదటిది. గంటసేపు నడిచాక ఎంత లోతుకు దిగింది అన్నది రెండోది. ఈ రెంటి మధ్య తేడాను బకెట్ లెక్కతో కలిపి చూస్తే సగం చిక్కు వీడుతుంది.

కొలవడానికి తాడుకు బరువు కట్టి వదలొచ్చు గానీ, లోపల పైపు, కేబులు ఉన్న బోరులో అది చుట్టుకుపోయే ప్రమాదం ఉంది. నీటిని తాకగానే బజర్ మోగే ఎలక్ట్రిక్ టేపు మేలు. ఏది దించినా ముందు బ్లీచింగ్ నీళ్లతో కడగాలి, అది తాగే నీళ్లలోకి వెళ్తోంది. బోరు మూత దగ్గర చేయి పెట్టే ముందు కరెంటు మెయిన్ దగ్గరే ఆపాలి. నడుస్తున్నప్పటి మట్టం కావాలంటే టేపును ముందే దించి ఉంచుకుని, తర్వాత మోటారు వేయాలి.

ఇంతకన్నా తేలికైన ఏర్పాటు గాలి ట్యూబు. సన్నని ప్లాస్టిక్ ట్యూబును కాలమ్ పైపుకు, అంటే మోటారు నుంచి నీటిని పైకి తెచ్చే పైపుకు, కట్టి మోటారుకు కాస్త పైవరకు దించుతారు, దాని పొడవు రాసి పెట్టుకుంటారు. పై కొసకు ఒక ప్రెజర్ గేజీ, గాలి కొట్టడానికి సైకిల్ పంపు ఉంటే చాలు. గాలి కొడుతుంటే ట్యూబులోకి ఎక్కిన నీరు కిందికి దిగుతుంది, గేజీ ముల్లు పైకి లేస్తుంది. ట్యూబు పూర్తిగా ఖాళీ అయ్యాక ఎంత కొట్టినా ముల్లు కదలదు, మిగతా గాలి బుడగలై పోతుంది. ఆ ఆగిన అంకెను, అది పీఎస్ఐ అనే ఒత్తిడి కొలతలో ఉంటే, 0.7తో గుణిస్తే ట్యూబు ఎన్ని మీటర్లు నీటిలో మునిగి ఉందో తెలుస్తుంది. ట్యూబు 60 మీటర్లు, గేజీ 40 చూపించింది అనుకుంటే 28 మీటర్లు నీటిలో ఉంది, అంటే నీటి మట్టం 32 మీటర్ల లోతులో ఉంది.

ఇప్పుడు ఈ అంకెలు ఏం చెబుతాయో చూద్దాం. ఒక బోరు బాగున్న రోజుల్లో నిలకడ మట్టం 18 మీటర్లు. నిమిషానికి 40 లీటర్లు తోడితే గంటకు 26 మీటర్లకు దిగేది. ఎనిమిది మీటర్లు దిగితే 40 లీటర్లు, అంటే మీటరుకు 5 లీటర్లు. కొన్నాళ్లకు నీళ్లు తగ్గాయి. కొలిస్తే నిలకడ మట్టం 30 మీటర్లు, తోడుతున్నది 35 లీటర్లు, దిగింది 37 మీటర్లకు. ఏడు మీటర్లకు 35 లీటర్లు, లెక్క మళ్లీ మీటరుకు 5 లీటర్లే. గుంతలో లోపమేమీ లేదు, నేలలో మట్టమే పడింది. అదే బోరులో నిలకడ మట్టం పాత 18 దగ్గరే ఉండి, 25 లీటర్లు తోడగానే 40 మీటర్లకు దిగిపోయిందనుకుందాం. 22 మీటర్లు దిగితే 25 లీటర్లు, మీటరుకు 1.1 మాత్రమే. నేలలో నీరుంది, లోపలికి రావడం లేదు. ఇంకో రకంగా, నిలకడ మట్టం 18, వస్తున్నది 22 లీటర్లు, దిగింది 22.4 మీటర్లకే అయితే లెక్క మళ్లీ మీటరుకు 5. నేలా బాగుంది, గుంతా బాగుంది. నీళ్లు పైకి రావడం లేదంతే. ఇలాంటి బోరు పక్కన కొత్త బోరు వేయడం శుద్ధ దండగ.

బండ నేలల్లో ఈ లెక్కకు ఒక మెలిక ఉంది. అక్కడ నీరు మట్టి పొరల గుండా కాకుండా బండలోని బీటల గుండా వస్తుంది. 35 మీటర్ల దగ్గర ఒక పెద్ద బీట, 80 దగ్గర ఒక చిన్న బీట ఉన్న బోరులో మట్టం 35కి కాస్త పైన ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ ఉండదు. కరువులో మట్టం ఇంకో మూడు మీటర్లు పడి పెద్ద బీట బయటపడితే దిగుబడి సగానికి సగం పోవచ్చు. మట్టం తగ్గింది కొంచెమే, నీళ్లు తగ్గింది చాలా ఎక్కువ. అంకెలు చూస్తే గుంత పూడుకుపోయినట్టే కనిపిస్తుంది. అందుకే బోరు వేసిన రోజు ఏ లోతులో నీళ్లు పడ్డాయో రాసి పెట్టుకున్న చీటీ ఉంటే అది ఎన్నో అనవసరపు ఖర్చుల్ని తప్పిస్తుంది. చీటీ లేకపోతే బోరులోకి కెమెరా దించి చూడాల్సి రావచ్చు.

పంపు తప్పు ఎలా పట్టుకోవాలి

మొదట తేల్చుకోవాల్సింది ఒకటుంది. మట్టం లోతుకు పోతే పంపు చెడిపోకపోయినా నీళ్లు తగ్గుతాయి. 20 మీటర్ల నుంచి ఎత్తే పంపు ఇప్పుడు 45 మీటర్ల నుంచి ఎత్తుతోందంటే అదే మోటారు, అదే కరెంటుతో తక్కువ నీళ్లే ఇస్తుంది. ఎంత హెడ్‌కు, అంటే నీటిని ఎత్తాల్సిన ఎత్తుకు, ఎన్ని లీటర్లు అన్న పట్టిక పంపుతో వచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. దాన్ని చూడకుండా పంపు పాడైందని తేల్చేయకూడదు.

ఆ పట్టికతోనే ఒక మంచి పరీక్ష చేయొచ్చు. బోరు నోటి దగ్గర గేజీ బిగించి, మోటారు నడుస్తుండగా వాల్వును పూర్తిగా మూసి గేజీ చూడాలి. ఒక నిమిషానికి మించి మూసి ఉంచకూడదు, పైపులూ అతుకులూ ఆ ఒత్తిడికి ఆగేవని ముందే చూసుకోవాలి. గేజీ 3 కేజీలు (చదరపు సెంటీమీటరుకు) చూపిస్తే అది 30 మీటర్ల ఎత్తుతో సమానం. ఆ క్షణానికి నీటి మట్టం 40 మీటర్ల లోతులో ఉంటే మొత్తం 70. పట్టికలో నీరు పారనప్పటి హెడ్ 72 అని ఉంటే పంపు, పైపు రెండూ బాగున్నట్టే. మొత్తం 45 దగ్గరే ఆగిపోతే ఇసుకకు ఇంపెల్లర్లు, అంటే పంపులో నీటిని నెట్టే చక్రాలు, అరిగి ఉండాలి, లేదా కాలమ్ పైపు ఎక్కడో చిల్లుపడి ఉండాలి. వాల్వు మూసి ఉండగానే మోటారు ఆపేస్తే ఈ రెండూ విడిపోతాయి. ముల్లు నిలబడితే పైపు గట్టిగా ఉంది, అరిగింది పంపు. గబగబా సున్నాకు పడిపోతే పైపో, నీరు వెనక్కి జారకుండా ఆపే ఎన్ఆర్‌వీ వాల్వో కారుతోంది.

చెవి కూడా పనికొస్తుంది. మోటారు నడుస్తుంటే బోరులోంచి జలజలమని చప్పుడు వస్తే రెండు అర్థాలున్నాయి. ఆపిన కాసేపటికే ఆగిపోతే పైపు చిల్లు లోంచి నీరు తిరిగి పడుతోందని. ఆపాక కూడా చాలాసేపు వినిపించి, మట్టం పైకి లేచాక ఆగితే, మట్టానికి పైనున్న బీట లోంచి ఊట కిందికి దూకుతోందని.

కరెంటు వైపు చూడాల్సినవి తక్కువే గానీ వదలకూడదు. త్రీ ఫేజ్ మోటారుకు రెండు ఫేజులు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది, నీళ్లు వస్తాయి గానీ సన్నగా వస్తాయి. లైను మరమ్మతు జరిగిన మర్నాడే నీళ్లు తగ్గాయంటే మొదటి అనుమానం దీని మీదే. సింగిల్ ఫేజ్ మోటారుకు ప్యానెల్‌లోని కెపాసిటర్ బలహీనపడితే మోటారు మూలుగుతుంది, ఆంప్స్ పెరుగుతాయి. ఆంప్స్ మామూలు కన్నా బాగా తక్కువగా ఉండి నీళ్లు రాకపోతే పంపుకు నీరు అందడం లేదనో, లోపల షాఫ్టు కప్లింగ్ విరిగిందనో అనుకోవాలి. క్లాంప్ మీటరు ఉన్న ఎలక్ట్రీషియన్‌కు ఇది పది నిమిషాల పని.

గుంత ఎందుకు మూసుకుపోతుంది

భూమి లోపల ఒత్తిడిలో ఉన్న నీటిలో సున్నం కరిగి ఉంటుంది. బోరు దగ్గరికి వచ్చేసరికి ఒత్తిడి పడిపోతుంది, నీటిలోని కార్బన్ డయాక్సైడ్ తప్పించుకుంటుంది, సున్నం గట్టిపడి బీటల నోళ్ల దగ్గర, బోరులో నీరు లోపలికి రావడానికి చీలికలు పెట్టిన ఫిల్టర్ పైపులో పేరుకుంటుంది. అంటే మూసుకుపోయేది సరిగ్గా నీరు రావాల్సిన చోటే. ఎంత గట్టిగా తోడి మట్టాన్ని ఎంత దించితే ఈ పేరుకోవడం అంత తొందరగా జరుగుతుంది.

ఇనుము ఎక్కువున్న నీటిలో దీనికి బ్యాక్టీరియా తోడవుతుంది. పైకి తీసిన పైపు మీద ఎర్రగా, నాచులా జారే పొర కనిపిస్తే అది ఐరన్ బ్యాక్టీరియా పనే. ట్యాంకులో నీటి మీద నూనెలా మెరిసే తెట్టు కడుతుంది. పుల్లతో కదిపితే ఆ తెట్టు పెంకుల్లా ముక్కలవుతుంది. నిజంగా నూనె అయితే మళ్లీ కలిసిపోతుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే అది వేరే రకం బ్యాక్టీరియా.

మూడో శత్రువు పూడిక. బకెట్ నీటిని కదలకుండా వదిలేస్తే ఇసుక ఉంటే అడుగున పేరుకుంటుంది. మోటారు వేసిన మొదటి నిమిషంలోనే వచ్చి ఆగిపోతే పెద్ద సమస్య కాదు. గంట తర్వాత కూడా వస్తూనే ఉంటే ఫిల్టర్ పైపో, గుంత గోడలు కూలకుండా వేసే కేసింగ్ పైపో తెగి ఉండొచ్చు. మోటారు తీసినప్పుడు బరువు దించి అడుగు కొలిస్తే, వేసినప్పటి లోతుకూ ఇప్పటికీ తేడా ఎంత పూడిందో చెప్పేస్తుంది. ఇక వాన పడిన మర్నాడల్లా నీరు మడ్డిగా వస్తోందంటే పైనీరు కేసింగ్ పక్కనుంచి లోపలికి దిగుతోంది. అది దిగుబడి కన్నా ఆరోగ్యం సమస్య. బ్యాక్టీరియా పరీక్ష చేయించేదాకా ఆ నీళ్లు కాచకుండా తాగకూడదు.

శుభ్రం చేయడంలో వరస ముఖ్యం. ముందు బ్రష్షుతో గీకడం, కంప్రెసర్ గాలితో ఫ్లషింగ్ చేసి మడ్డిని బయటికి తోడటం, ఆ తర్వాతే మందులు. మడ్డి ఉండగా పోసిన క్లోరిన్ ఆ మడ్డితోనే ఖర్చయిపోతుంది. మోతాదు కూడా లెక్క ప్రకారమే. వెయ్యి లీటర్ల నిలవ నీటికి లీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున 100 గ్రాముల క్లోరిన్ కావాలి. 30 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడరైతే 330 గ్రాముల పైచిలుకు. దాన్ని బకెట్‌లో కలిపి తేరుకున్న నీటినే పోయాలి, అడుగున మిగిలిన సున్నపు మడ్డిని పోస్తే అదే మళ్లీ పూడిక. పన్నెండు గంటలు వదిలి, వాసన పోయేదాకా బయటికి తోడేయాలి, ట్యాంకులోకి గానీ మొక్కలకు గానీ ఎక్కించకూడదు.

సున్నం కరిగించడానికి యాసిడ్ వాడతారు. ఇది ఇంట్లో చేసే పని కాదు. ముఖ్యంగా యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఒకదానితో ఒకటి కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మనిషి ప్రాణం తీస్తుంది. ఒకటి పోసి పూర్తిగా తోడేయకుండా రెండోది పోయకూడదు.

బండ బోరుల్లో ఇంకో పద్ధతి హైడ్రోఫ్రాక్చరింగ్. కేసింగ్‌కు బాగా కింద గుంతను బిగుతుగా మూసే ప్యాకర్ అమర్చి ఎక్కువ ఒత్తిడితో నీటిని పంపి బీటల్ని శుభ్రం చేసి, వెడల్పు చేస్తారు. చుట్టూ బండలో నీరుండి దారి మాత్రమే లేనప్పుడు బాగా పనిచేస్తుంది. నిలకడ మట్టమే పడిపోయిన చోట దీనివల్ల ఒరిగేది పెద్దగా లేదు. ఇసుక, బంకమట్టి నేలల్లో దీని ఊసే అనవసరం.

నేలే ఎండుతున్నప్పుడు

నిలకడ మట్టమే ఏటికేడు దిగుతోందంటే బోరుకు చేసే వైద్యం లేదు, వాడకాన్ని సర్దుకోవాలి. అయితే ఆ మాట అనే ముందు పక్కింటి బోరును పరిశీలించాలి. ప్రతి పంపు తన చుట్టూ నీటి మట్టాన్ని గరాటులా గుంట పెడుతుంది. భూగర్భజల శాస్త్రవేత్త చార్లెస్ థైస్ 1935లో ఇచ్చిన సూత్రం ప్రకారం ఈ గుంట పంపు నడిచే కొద్దీ వెడల్పవుతూ పోతుంది, రెండు బోరుల గుంటలు కలిసిన చోట రెండింటి వల్ల దిగే మట్టమూ కలిసి లెక్కకొస్తుంది. సొంత మోటారు ఆపి, పక్కవాళ్లు మోటారు వేసినప్పుడు, ఆపినప్పుడు పావుగంటకోసారి మట్టం కొలిస్తే సంగతి తేలుతుంది. తేలాక గొడవ కన్నా, ఇద్దరూ వేర్వేరు వేళల్లో మోటార్లు వేసుకోవడం లాభం.

పెద్ద మోటారు వేయడం దాదాపు ఎప్పుడూ తప్పే. అదే రంగానికి చెందిన సి.ఇ. జాకబ్ 1947లో చూపించినట్టు, తోడేటప్పుడు దిగే మట్టంలో ఒక భాగం తోడే వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆ నష్టం నాలుగింతలు. అదే తిరగేసి చూస్తే, నెమ్మదిగా ఎక్కువసేపు తోడితే అదే బోరు మొత్తం మీద ఎక్కువ ఇస్తుంది. నిమిషానికి 5 లీటర్ల ఊట అంటే పనికిరానిదిగా అనిపిస్తుంది గానీ, రోజుకు అది 7,200 లీటర్లు. చిన్న పంపు, పెద్ద ట్యాంకు, నీరు లేకుండా మోటారు నడవకుండా (డ్రై రన్) ఆపే రిలే, ఈ మూడుంటే చాలా ఇళ్లకు కొత్త బోరు అక్కర్లేదు. చిన్న పంపు కొనేలోపు డెలివరీ వాల్వును కొంత మూసి నడిపినా తేడా కనిపిస్తుంది. మోటారును ఐదు నిమిషాలకోసారి వేసి ఆపడం మాత్రం వద్దు, ప్రతి స్టార్టూ వైండింగ్‌ను వేడెక్కిస్తుంది.

మోటారు దించడం కొన్నిసార్లు సరైనదే, నిలవ నీరు ఇంకొంత అందుతుంది. అందులో ఒక చిక్కుంది. సబ్‌మెర్సిబుల్ మోటారు తన ఒంటిమీదుగా పారే నీటితోనే చల్లబడుతుంది. ఊట అంతా పైబీటల నుంచి వస్తుంటే నీరు మోటారును తాకకుండానే పైనున్న పంపులోకి పోతుంది, మోటారు కాలిపోతుంది. ఇలాంటప్పుడు మోటారుకు చుట్టూ తొడుగు పైపు వేయాలి. అడుగు పూడికకు తగిలేంత లోతుకు దించకూడదు.

దిగుడు బావుల సంగతి కొంత వేరు. అక్కడ పూడిక తీస్తేనే చాలాసార్లు ఊట తిరిగొస్తుంది, చాలకపోతే అడుగున పక్కలకు బోర్లు వేయించొచ్చు. కానీ చాలాకాలం వాడని బావి అడుగున గాలిలో ఆక్సిజన్ లేకపోవచ్చు. దిగినవాడు పడిపోతే కాపాడబోయినవాడూ పడిపోతాడు. గాలి పరీక్షించే మీటరు, నడుముకు తాడు, పైన మనుషులు లేకుండా ఎవరినీ దించకూడదు.

కారణం ఏదైనా మోటారు పైకి తీయక తప్పని రోజు ఒకటి వస్తుంది. లేబర్ ఖర్చు ఎలాగూ పెట్టారు కాబట్టి ఆ రోజే అడుగు లోతు కొలవాలి, వీలైతే కెమెరా దించాలి, తీసిన పైపు మీద సున్నమో ఎర్రపొరో ఉందేమో చూడాలి, చిల్లులకు ప్రతి లెంతూ తిప్పి చూడాలి, ఎన్ఆర్‌వీ మార్చాలి. తిరిగి దించేటప్పుడు కాలమ్ పైపుతో పాటు ముప్పాతిక అంగుళం పీవీసీ పైపు ఒకటి మోటారుకు కాస్త పైదాకా కట్టి దించితే ఇకముందు టేపు చిక్కుకోదు, మట్టం ఎప్పుడు కావాలంటే అప్పుడు కొలవొచ్చు. బిగించిన మర్నాడు నిలకడ మట్టం, గంట నడిచాక మట్టం, నిమిషానికి లీటర్లు, వోల్టేజీ, ఆంప్స్, ఈ ఐదూ తేదీ వేసి ప్యానెల్ తలుపు లోపలివైపు రాసి పెట్టాలి.